8 నెలల పాపని ఎవరింట్లో వదలాల? తిరుపతిలో మళ్ళీ ఉద్యోగానికి పోతున్న తల్లికి నా సమాధానం

అమ్మా, మీరు అడిగింది చదివేవాళ్ళందరికీ తెలిసేట్టు ముందు క్లుప్తంగా చెప్తాను. ఇల్లు బైరాగిపట్టెడలో, పాపకి 8 నెలలు, సెలవు అయిపోయి వచ్చే నెల నుంచి రేణిగుంట వైపు కంపెనీలో మళ్ళీ చేరాల, అత్తగారు పొలం పనులు వదిలి వచ్చి ఉండలేరు, మీ అమ్మగారికి మోకాళ్ళ నొప్పులు. ఇద్దరు దొరికారు. ఒకామె కొర్లగుంటలో చిన్న ఇంట్లో ముగ్గురు పిలకాయల్ని చూసుకుంటా ఉంది, చదువు తక్కువ, కానీ మనిషి నెమ్మది అన్నారు. ఇంకొకామె ఎం.ఆర్.పల్లిలో డిగ్రీ చదివినామె, ఏసీ గది, సీసీ కెమెరాలు, గోడల నిండా బొమ్మలు, 11 మంది పిల్లలు, ఇద్దరు ఆయాలు, ఫీజు దగ్గర దగ్గర డబుల్. ఎవర్ని నమ్మాల, ఏం చూడాల, ఏం అడగాల అని మీ ప్రశ్న.

నేను చిత్తూరు జిల్లాలో ఐసీడీఎస్ (అంగన్‌వాడీలు నడిపే ప్రభుత్వ పథకం) సూపర్‌వైజర్‌గా చానా ఏళ్ళు పని చేసి రిటైర్ అయ్యాను, అంగన్‌వాడీ సెంటర్లకి పోయి పిల్లల్ని ఎట్లా చూసుకుంటా ఉండారో చూడటమే నా పని, ఇప్పుడు తిరుపతిలోనే ఉంటాను, తెలిసినవాళ్ళ ఆడపిల్లలు ఉద్యోగాలకి తిరిగి పోయేటప్పుడు వాళ్ళతో పాటు ఇట్లాంటి ఇళ్ళు చూడ్డానికి పోతా ఉంటాను. ఇన్ని ఇళ్ళు చూసినాక నాకు గట్టిగా అనిపించేది ఒకటే, జరిగింది జరిగినట్టు మీకు చెప్పే మనిషిని వెతుక్కోండి. గేటు లేకపోతే పెట్టించుకోవచ్చు, దోమతెర మీరే కొనివ్వొచ్చు, ఏం తినిపించాలో నేర్పించొచ్చు, కానీ పాప మంచం మీద నుంచి పడితే సాయంత్రం మీకు చెప్పకుండా దాచే మనిషిని మీరు మార్చలేరు.

దాని కంటే ముందు మీ కంపెనీ సంగతి ఒకసారి చూడండి, చానా మంది ఇది అడగనే అడగరు. 50 మంది గానీ అంతకంటే ఎక్కువ మంది గానీ పని చేసే చోట క్రెష్ (తల్లులు పనిలో ఉన్నప్పుడు పిల్లల్ని చూసుకునే చోటు) సౌకర్యం ఉండాలని 2017లో మెటర్నిటీ బెనిఫిట్ చట్టాన్ని మార్చినప్పుడే పెట్టారు, కొత్త సామాజిక భద్రత కోడ్‌లోనూ ఉంచారు. తల్లి రోజుకి 4 సార్లు పోయి బిడ్డని చూసి రావొచ్చు. బిడ్డకి 15 నెలలు వచ్చేదాకా పాలివ్వడానికి మామూలు రెస్టు టైం కాకుండా ఇంకో రెండు బ్రేకులు ఇవ్వాల. రేణిగుంట వైపు ఎలక్ట్రానిక్స్ కంపెనీల్లో ఎంత మంది ఆడపిల్లలు పని చేస్తా ఉండారో మీకు నేను చెప్పక్కర్లేదు, కాబట్టి హెచ్‌ఆర్‌ని నోటిమాటగా కాకుండా మెయిల్‌లో అడగండి. అంగన్‌వాడీలో ప్రీస్కూలు 3 ఏళ్ళు నిండినాకే, కాబట్టి ఇప్పుడు అది దారి కాదు. కేంద్రం పాల్నా స్కీము కింద కొన్ని చోట్ల అంగన్‌వాడీతో కలిపి క్రెష్ నడుపుతారు, 6 నెలల నుంచి 6 ఏళ్ళ దాకా తీసుకుంటారు, అన్ని సెంటర్లలో ఉండదు, మీ దగ్గర్లో ఉందేమో అంగన్‌వాడీల పైఅధికారి సీడీపీవో ఆఫీసులో అడిగితే చెప్తారు.

సరే, ఇంక ఇళ్ళ సంగతి. పొద్దున 10 గంటలకి ఫోన్ చేసి పోతే ఏ ఇల్లైనా బాగానే కనిపిస్తుంది, ఇల్లు తుడిచి ఉంటుంది, పిల్లలు స్నానం చేసి పౌడరు రాసుకుని ఉంటారు. మీరు పోవాల్సింది మధ్యాహ్నం పన్నెండున్నర, రెండు మధ్యలో. అప్పుడే ఒక బిడ్డకి ఆకలి, ఒక బిడ్డకి నిద్ర, ఒకడు బట్టలు తడుపుకుని ఏడుస్తా ఉంటాడు, కుక్కర్ విజిల్ వేస్తా ఉంటుంది, ఎవరో బయట తలుపు కొడతారు. ఆ టైంలో ఆమె గొంతు ఎట్లా ఉందో వినండి. విసుగు రావడం తప్పు కాదు, విసుగొచ్చినప్పుడు బిడ్డ చెయ్యి ఎట్లా పట్టుకుంటుందో అది చూడండి, రెట్ట పట్టి ఒక చేత్తో పైకి లేపేస్తుందా, కిందికి వంగి చంకల కింద చేతులు పెట్టి ఎత్తుకుంటుందా. నోటికి బువ్వ పెట్టేటప్పుడు బిడ్డ మింగేదాకా ఆగుతుందా లేక ముద్ద మీద ముద్ద కుక్కి ముగించేస్తుందా. చేతిలో ఫోను పెట్టి తినిపిస్తా ఉంటే మాత్రం నాకు అస్సలు నచ్చదు, 2 ఏళ్ళ లోపు బిడ్డకి ఇంట్లోవాళ్ళతో వీడియో కాల్ తప్ప స్క్రీనే వద్దని పిల్లల డాక్టర్ల సంఘం ఐఏపీ కూడా చెప్తా ఉంది, పైగా ఫోను చూస్తా తినే బిడ్డకి కడుపు నిండిందో లేదో తనకే తెలియకుండా పోతుంది.

ఇంకొకటి, మరీ నిశ్శబ్దంగా ఉన్నా అనుమానపడండి. పాకే వయసు నుంచి మూడేళ్ళ దాకా ఉన్న ఐదారుమంది పిల్లలు మధ్యాహ్నం పూట ఒకే గదిలో, ఒకే టైంకి, మనం మాట్లాడినా కదలకుండా మొద్దునిద్ర పోతా ఉంటే అది సహజం కాదు. ఒక్కొక్కరికి ఒక్కో టైం ఉంటుంది, ఒకరు లేస్తారు, ఒకరు ముక్కుతా ఉంటారు. దగ్గు మందు పోస్తే బిడ్డ నిద్రపోతుందని చానా మందికి తెలుసు, అందుకే చెప్తా ఉండాను. 2 ఏళ్ళ లోపు పిల్లలకి దగ్గు, జలుబు సిరప్పులు ఇవ్వొద్దని 2025 అక్టోబరులో కేంద్ర ఆరోగ్య శాఖ వాళ్ళే చెప్పారు, అంతకు ముందు 2023లోనే క్లోర్‌ఫెనిరమిన్, ఫెనైల్‌ఎఫ్రిన్ కలిపిన సిరప్పు 4 ఏళ్ళ లోపు వాళ్ళకి వాడకూడదని సీసా మీద రాయమన్నారు. మందు అనేది మీరు చీటీ రాసిచ్చి, మీరు పంపిన సీసాలో నుంచి, మీకు ఫోన్ చేసి చెప్పాకే పొయ్యాల. జ్వరం మందులో ఒక పెద్ద చిక్కు ఉంది, అది మీకూ తెలియాల, ఆమెకీ తెలియాల. పారాసిటమాల్ డ్రాప్స్‌లో 1 ఎంఎల్‌కి 100 మిల్లీగ్రాములు ఉంటుంది, మామూలు సిరప్పులో 5 ఎంఎల్‌కి 125. అంటే డ్రాప్స్ సిరప్పు కంటే 4 రెట్లు ఘాటు. డ్రాప్స్ సీసాని సిరప్పు అనుకుని మూతతో పోస్తే ఏమవుతుందో ఆలోచించండి. మీ డాక్టరు పాప బరువుకి ఎంత చెప్పారో అదే సీసా మీద ప్లాస్టర్ అంటించి తెలుగులో రాసి పంపండి, చుక్కలు వేసే డ్రాపర్ కూడా సీసాకి రబ్బరు బ్యాండుతో కట్టెయ్యండి.

పసరు మందు, వస కొమ్ము అరగదీసి నాకించడం, గ్రైప్ వాటరు, ముక్కులో చెవుల్లో నూనె చుక్కలు, ఇవన్నీ మన వైపు పెద్దవాళ్ళు ప్రేమతోనే చేస్తారు, ఆమె కూడా చెడు ఉద్దేశంతో చెయ్యదు, కాబట్టి ముందే కూర్చుని మర్యాదగా చెప్పుకోండి, అక్కా, నాకు చెప్పకుండా పాప నోట్లో ఏదీ వద్దు అని. ఏడాది నిండేదాకా తేనె వద్దు, ఆవుపాలు తాగడానికి పొయ్యొద్దు, ఉప్పు చక్కెర వెయ్యొద్దు. మీరు పాలు తీసి పంపేట్టయితే డబ్బా మీద టైం రాసి ఐస్ ప్యాకులో పెట్టి పంపండి, ఆమె ఇంట్లో ఫ్రిజ్ తలుపు అరలో కాకుండా లోపల వెనక పెట్టమనండి, వేడి నీళ్ళ గిన్నెలో పెట్టి గోరువెచ్చ చెయ్యాల, నేరుగా స్టవ్ మీద పెట్టకూడదు, తాగగా మిగిలింది పారబొయ్యాల. బాటిల్ కంటే ఉగ్గు గిన్నె మంచిది, కడగడానికి మూలలు ఉండవు. ఇంక మన జిల్లాలో ప్రతి ఇంట్లో చెనిక్కాయలు ఉంటాయి, వేయించినవి, ఉడకబెట్టినవి, ఉండలు చేసినవి, పెద్ద పిల్లలు నములుతా నేల మీద పడేస్తారు, పాకే బిడ్డ దాన్ని ఏరుకుని నోట్లో పెట్టుకుంటుంది. గుండ్రని పల్లీ గింజ ఊపిరిగొట్టంలో పడి ఆసుపత్రికి పరిగెత్తిన పిల్లల్ని నేను చూశాను. ఆ ఇంట్లో నేల మీద ఏం పడి ఉందో మీరు కూడా ఒకసారి పాప ఎత్తుకి కూర్చుని చూడండి, నిలబడి చూస్తే కనిపించవు.

ఆమెని ఇది తప్పకుండా అడగండి, బిడ్డకి గొంతులో ఏదైనా ఇరుక్కుంటే ఏం చేస్తావక్కా అని. కాళ్ళు పట్టుకుని తలకిందులు చేసి కొడతానంటే, నోట్లో వేలు పెట్టి తీస్తానంటే తప్పు, వేలు పెడితే ఇంకా లోపలికి పోతుంది. ఏడాది లోపు బిడ్డని ముంజేతి మీద బోర్లా పడుకోబెట్టి, తల కిందికి ఉండేట్టు పట్టుకుని, రెక్కల మధ్య 5 సార్లు అరచేతి మొదలుతో తట్టాల, రాకపోతే వెల్లకిలా తిప్పి రొమ్ము ఎముక మీద 5 సార్లు నొక్కాల, మళ్ళీ మళ్ళీ అట్లాగే, పక్కవాళ్ళని పిలిచి 108కి ఫోన్ చేయించాల. ఆమెకి తెలియకపోవడం నేరం కాదు, కానీ మీరు చెప్తా ఉంటే ఆమె బొమ్మ తీసుకుని చేసి చూపిస్తుందా, లేక నాకు ఇరవై ఏళ్ళ అనుభవం అని కొట్టిపారేస్తుందా, దాంతోనే మీకు సగం తెలిసిపోతుంది.

ఇంక అసలు ప్రశ్న. అక్కా, మీ దగ్గర పిల్లలకి ఎప్పుడైనా దెబ్బ తగిలిందా, అప్పుడేం చేశారు? అని అడగండి. అట్లాంటివి మా దగ్గర ఏమీ జరగవు మేడమ్ అని ఠక్కున జవాబు వస్తే నాకైతే ఆ ఇల్లు వద్దు. పిల్లలున్న ప్రతి ఇంట్లో పడతారు, గీరుకుంటారు, ఒకరినొకరు కొరుక్కుంటారు, మన ఇంట్లో మన కళ్ళ ముందే పడతారు. తిరుచానూరు రోడ్డు వైపు ఒకామె, చదివింది ఐదో తరగతి, మేము అడక్క ముందే చెప్పింది, పోయిన ఎండాకాలం ఒక బాబు ప్లాస్టిక్ కుర్చీ ఎక్కి అది తిరగబడి పెదవి చిట్లింది, రక్తం చూసి నా చేతులు వణికినాయి, తడిగుడ్డ ఒత్తిపెట్టి వాళ్ళమ్మకి ఫోన్ చేశా, ఆమె వచ్చేదాకా ఆగకుండా పక్కింటామెని మిగతా పిల్లల దగ్గర కూర్చోబెట్టి ఆటోలో రుయా ఆసుపత్రికి తీసుకుపోయా, అని. ఆ తర్వాత ఇంట్లో ప్లాస్టిక్ కుర్చీలన్నీ మిద్దె మీదికి ఎక్కించేసింది, మేము పోయిన రోజు మాకు కూడా చాపే వేసింది. ఆమె ఇంట్లో ఇంకొకటి చూశాను, మేకులకి వరసగా చిన్న తువ్వాళ్ళు తగిలించి ఉండాయి, ఒక్కోదాని అంచుకి ఒక్కో రంగు దారంతో రెండు కుట్లు, ఎర్ర దారం ఫలానా పాపది, పచ్చది ఫలానా బాబుది, ఒకరి ముక్కు తుడిచింది ఇంకొకరికి వాడకూడదని. ఎవరూ చెప్పకుండా తనంతట తను ఆలోచించి పెట్టుకున్న పద్ధతి. నాకు గోడ మీద ఏబీసీడీల కంటే అదే ఎక్కువ.

సాయంత్రం ఏం చెప్తుందో కూడా గమనించండి. బాగా తినింది, బాగా ఆడుకునింది, ఏడవలేదు, రోజూ ఇదే మాట అయితే మీకు ఏమీ తెలియనట్టే. జావ సగమే తాగింది, పన్నెండింటికి పడుకుని ఒంటిగంటకే లేచేసింది, రెండు సార్లు దొడ్డికి పోయింది, రెండోది కొంచెం నీళ్ళగా ఉంది, చిగుళ్ళు దురదేమో అన్నీ కొరుకుతా ఉంది అంటే ఆమె మీ బిడ్డని చూసినట్టు. రాయడం రాకపోతే వాట్సాప్‌లో వాయిస్ పెట్టమనండి, ఇప్పుడు అందరికీ అలవాటే. నీళ్ళ విరేచనాలు మొదలైతే ఓఆర్‌ఎస్ ప్యాకెట్టు మొత్తం దాని మీద రాసినన్ని (పెద్ద ప్యాకెట్టుకి 1 లీటరు) కాచి చల్లార్చిన నీళ్ళలో కలపాల, గ్లాసులో కొంచెం కొంచెం కాదు. డబ్బాల్లో అమ్మే తీపి డ్రింకులు వద్దే వద్దు, వాటి మీద ఓఆర్‌ఎస్ అనే పేరు వాడకూడదని 2025లో కేంద్ర ఆహార భద్రత సంస్థ ఎఫ్‌ఎస్‌ఎస్‌ఏఐ ఆర్డరు కూడా ఇచ్చింది.

నిద్ర గురించి. ఏడాది లోపు బిడ్డని వెల్లకిలా పడుకోబెట్టాల, గట్టి పరుపు లేదా చాప మీద దుప్పటి, పక్కన దిండ్లు, మెత్తటి బొమ్మలు ఏవీ వద్దు, తల గుండ్రంగా రావాలని పెట్టే ఆవాల దిండు కూడా తీసెయ్యండి. చీర ఉయ్యాల మన దగ్గర ప్రతి ఇంట్లో ఉంటుంది, నేను వద్దని కొట్టిపారెయ్యను గానీ మనిషి పక్కన ఉన్నంత సేపే, ఇంకో గదిలో కట్టి తను వంటింట్లో ఉంటే ఒప్పుకోను, 8 నెలల బిడ్డ లేచి కూర్చోబోతే తిరగబడుతుంది, గుడ్డ చుట్టుకుంటుంది. పాప మెడలో దిష్టి తాడు, తాయెత్తు ఉంటే పొద్దున్నే తీసి మీ ఇంట్లోనే పెట్టండి, గౌనుకి పిన్నీసు పెట్టి పంపొద్దు. ఇవి ఆమె తప్పులు కాదు, మనమే పంపిస్తాం.

ఇల్లు చూసేటప్పుడు చానా మంది టైల్స్, ఏసీ, బాత్రూం చూసి వచ్చేస్తారు. నేను మొదట చూసేది సంపు మూత. మన ఊళ్ళో ఇంటి ముందరో, వరండాలోనో సంపు ఉంటుంది, మోటరు వేసేటప్పుడు మూత తీసి మర్చిపోతారు, ఆ మూతకి తాళం లేకపోతే మిగతావన్నీ ఎంత బాగున్నా నేను ఆ ఇంటికి బిడ్డని పంపమని చెప్పను. రెండోది బాత్రూంలో నీళ్ళు నిండిన బకెట్లు, డ్రమ్ములు. పాకే బిడ్డ బకెట్ పట్టుకుని నిలబడి తలకిందులుగా పడితే తనంతట తను లేవలేదు, అరవను కూడా అరవలేదు, సగం బకెట్ నీళ్ళు చాలు. బాత్రూం తలుపుకి పైన గడియ ఉండాల. యాసిడ్ సీసా, ఫినాయిలు, దోమల లిక్విడ్ ఎక్కడ ఉన్నాయో అడగకుండా మీరే కళ్ళతో వెతకండి. వంటింటికి అడ్డం ఏమైనా ఉందా. మిద్దె మెట్లకి గేటు ఉందా. మిద్దె మీద రేకుల గది అయితే మే నెలలో మన తిరుపతి ఎండకి, 40 దాటిన రోజుల్లో, పెద్దవాళ్ళమే ఉండలేం, కింది అంతస్తు మేలు, ఏసీ లేకపోయినా గాలి ఆడి ఇన్వర్టర్ ఉంటే చాలు. అలిపిరి, కపిలతీర్థం వైపు ఇల్లయితే కోతులు లోపలికి రాకుండా మెష్ డోరు ఉండాల.

ఇంట్లో ఇంకా ఎవరెవరు ఉంటారు అనేది అడగడానికి మొహమాటపడకండి. భర్త ఎన్ని గంటలకి వస్తాడు, పెద్ద కొడుకు ఉన్నాడా, పై వాటాలో బ్యాచిలర్లు ఉండారా, ఎవరైనా తాగుతారా, ఇంట్లో సిగరెట్ కాలుస్తారా. పాపకి గుడ్డలు మార్చేది, స్నానం చేయించేది ఆమె ఒక్కతే అని ముందే మాట తీసుకోండి, ఆమె సంతకు పోయేటప్పుడు ఎవరి చేతిలో పెట్టి పోతుందో తెలుసుకోండి. నిజాయితీ గల మనిషి దీనికి నొచ్చుకోదు, ఒకవేళ నొచ్చుకున్నా పర్వాలేదు, అడగాల్సింది అడగాల్సిందే. ఇంట్లో పెద్దవాళ్ళందరి ఆధార్ కాపీలు తీసి పెట్టుకోండి. ఎప్పుడైనా ఏ బిడ్డ విషయంలో అయినా చెడ్డ అనుమానం వస్తే పిల్లల హెల్ప్‌లైను 1098 రాత్రి పగలు పని చేస్తుంది, డబ్బులు పడవు, పిల్లల మీద లైంగిక నేరాలకి పెట్టిన పోక్సో చట్టం ప్రకారం తెలిసి చెప్పకపోవడం కూడా నేరమే.

కెమెరాల మాట. మీరు ఎం.ఆర్.పల్లి ఇంటి గురించి రాస్తా మొదట రాసింది కెమెరాలు ఉన్నాయనే. ఉండటం మంచిదే, కానీ మీరు లైన్‌లో పని చేస్తా ఫోను చూసుకోగలరా, చూసినా కెమెరా మూలన ఉంటుంది, బిడ్డ నోట్లో ఏముందో కనిపించదు. నేను కెమెరా కంటే ముందు అడిగేది, మా పాప రోజంతా ఎవరి చేతిలో ఉంటుంది, ఆమె పేరేంటి, ఎన్నాళ్ళ నుంచి ఇక్కడ పని చేస్తా ఉంది అని. 8 నెలల బిడ్డకి కావాల్సింది రోజూ అదే ముఖం, అదే గొంతు. రెండు నెలలకి ఒక ఆయా మారిపోయే చోట బిడ్డ ప్రతిసారీ మొదటి నుంచి మొదలుపెట్టాల్సి వస్తుంది. ఇంక లెక్క చూస్తే 11 మందికి ఇద్దరు ఆయాలు, అందులో 2 ఏళ్ళ లోపు వాళ్ళు ఎంత మందో అడగండి. నా లెక్క చానా సాదా, నిప్పు అంటుకుంటే ఒక మనిషి రెండు చేతులతో నడవలేని బిడ్డల్ని ఇద్దర్నే ఎత్తుకుని బయటికి రాగలదు, కాబట్టి ఒక మనిషికి నడక రాని వాళ్ళు ఇద్దరికి మించకూడదు, పక్కన పెద్ద పిల్లలు ఒకరిద్దరు ఉంటే ఉండొచ్చు, అంతకు మించి వద్దు. తల్లిదండ్రుల్ని ముందు గదిలోనే ఆపేసి పిల్లలు డిస్టర్బ్ అవుతారండీ అనే చోటు ఎంత పెద్దదైనా వద్దు. పిల్లలున్న గదిలోకి ఏ టైంలో అయినా చెప్పకుండా వస్తాను అని ముందే చెప్పండి, ఆమె ముఖం చూడండి.

ఆమె ఇచ్చిన తల్లుల నంబర్లకి ఫోన్ చేస్తే అందరూ బాగుందనే చెప్తారు, ఇప్పుడు పిల్లల్ని పంపుతున్నవాళ్ళు వేరే మాట ఎట్లా చెప్తారు? మానేసిన వాళ్ళ నంబరు ఒకటైనా సంపాదించండి. ఎందుకు మానేశారు అని ఒక్క ప్రశ్న అడిగి మీరు మాట్లాడకుండా ఊరుకోండి, వాళ్ళే చెప్తారు. బడికి పంపేశాం, ఇల్లు మారాం అంటే సరే, కొంచెం ఆగి ఏం చెప్పాలా అని తడబడితే ఇంకొకరిని అడగండి. వీధి చివర అంగడి ఆమె, పక్కింటి ముసలావిడ, వీళ్ళకి ఆ ఇంట్లో నుంచి వచ్చే అరుపులు, ఏడుపులు అన్నీ తెలుసు.

అలవాటు చెయ్యడం మీద తొందరపడొద్దు. చేరే రోజు పొద్దున తీసుకుపోయి వదిలేసి ఏడుస్తా బస్సెక్కడం బిడ్డకీ కష్టం, మీకూ కష్టం. మొదట మీరు పాపని ఒళ్ళో పెట్టుకుని ఆ ఇంట్లో ఊరికే కూర్చోండి, పాప అంతట పాప దిగి ఆమె దగ్గరికి పోయేదాకా. తర్వాత ఒక గంట, తర్వాత ఒక పూట నిద్రతో కలిపి, తర్వాత రోజంతా. పోయేటప్పుడు దొంగతనంగా జారుకోకండి, చెప్పి పోండి, ఏడ్చినా చెప్పే పోండి, లేకపోతే అమ్మ ఎప్పుడైనా మాయమవుతుందని రోజంతా భయంతో ఉంటుంది. ఈ వయసులో కొత్తవాళ్ళని చూసి ఏడవడం మామూలే, అది చూసి ఆ మనిషి మంచిది కాదని అనుకోవద్దు, మీరు పోయినాక ఎంత సేపట్లో ఊరుకుందో అడగండి. కానీ వారాలు గడిచినా ఆమెని చూడగానే ఒళ్ళు బిగుసుకోవడం, రాత్రుళ్ళు ఉలిక్కిపడి లేవడం, గుడ్డలు మార్చేటప్పుడు కొత్తగా భయపడటం, దెబ్బ తగలని చోట కమిలిన మచ్చలు, ఇట్లాంటివి కనిపిస్తే ఆ రోజే ఆపెయ్యండి, కారణం తర్వాత కనుక్కోవచ్చు. నెలకోసారి అంగన్‌వాడీలో తూకం వేయించి తల్లీబిడ్డల కార్డులో గ్రాఫు గీయించుకోండి. గీత పైకి పోకుండా రెండు నెలలు అడ్డంగా ఉంటే ఆమె పెట్టే తిండి చాలడం లేదో, లేక జబ్బు ఏదైనా ఉందో, డాక్టరు దగ్గరికి పోవాల. 9 నెలలు నిండగానే ఎంఆర్ (తట్టు, రుబెల్లా) టీకా ఉంది, ఉద్యోగం హడావిడిలో మర్చిపోవద్దు, ఆ ఇంట్లో మిగతా పిల్లలకి కూడా టీకాలు వేయించారా అని అడగండి.

ఆమె వైపు నుంచి కూడా ఒక మాట చెప్పాల. ఆరింటికి వస్తానని ఏడున్నరకి పోయి పాపని తెచ్చుకునే తల్లులు చానా మంది, ఆమెకీ ఇల్లుంది, పిల్లలుండారు. బ్రహ్మోత్సవాలప్పుడు, ముఖ్యంగా గరుడ సేవ రోజు, మీరు రేణిగుంట నుంచి వచ్చేసరికి ఎంత టైం అవుతుందో మీకు తెలుసు, ముందే చెప్పండి, లేటుకి ఇంత అని మీరే అనుకుని ఇవ్వండి. మే నెలలో గంగమ్మ జాతరకి ఆమె ఎన్ని రోజులు సెలవు పెడుతుంది, ఆమెకే జ్వరమొస్తే ఎవరు చూస్తారు, పాపకి జ్వరమొస్తే పంపొచ్చా వద్దా, మీరు ఊరికి పోయిన రోజులకి డబ్బు కట్ చేస్తారా, ఇవన్నీ ఒక తెల్ల కాగితం మీద రాసి ఇద్దరూ సంతకం పెట్టుకోండి. నా ఉద్దేశంలో మీరు సెలవు పెట్టిన రోజులకి డబ్బు తగ్గించకూడదు, ఆ రోజుకి ఆమె ఇంకో బిడ్డని తెచ్చుకోలేదు కదా. అక్కా అని పిలవండి, ఆయా అని వేరేవాళ్ళతో చెప్పకండి. మర్యాద దొరికే చోట మనిషి తప్పు జరిగినా ధైర్యంగా చెప్తుంది, ప్రతి చిన్న గీతకి గొడవ పడితే రేపటి నుంచి దాచడం మొదలుపెడుతుంది, అది మన చేతుల్లో ఉన్న విషయం.

మీ ఇద్దరిలో నాకు కొర్లగుంట ఆమె వైపే మొగ్గు ఉంది, కానీ కళ్ళు మూసుకుని కాదు. ఇప్పుడున్న ముగ్గురిలో పెద్దవాడు జూన్‌లో బడికి పోతాడని రాశారు, మిగతా ఇద్దరూ నడిచేవాళ్ళే అన్నారు కాబట్టి మీ పాపకి ఆమె చేతులు ఖాళీ ఉంటాయి, ఇంకో చంటిబిడ్డని తీసుకోను అని మాటిస్తేనే ముందుకి పోండి. సంపు మూతకి తాళం, బాత్రూంకి పై గడియ, ఇవి లేకపోతే ఖర్చు మీరే పెట్టుకుని చేయించండి, చేయించినాకే పాపని పంపండి. ఎం.ఆర్.పల్లి చోటుని కూడా ఒకసారి మధ్యాహ్నం ఒంటిగంటకి ఫోన్ చెయ్యకుండా పోయి చూడండి, పాపని చూసుకునే ఆయా ఒక్కరే అని, ఆమె కనీసం ఏడాది నుంచి అక్కడే ఉందని తేలితే, లోపలికి రానిస్తే, అప్పుడు ఆలోచించొచ్చు, పాపకి రెండున్నర మూడేళ్ళు వచ్చినాక అయితే అట్లాంటి చోటు ఇంకా బాగుంటుంది. ఏది తేల్చుకున్నా మీరు చేరే తేదీకి రెండు వారాల ముందే మొదలుపెట్టండి, హెచ్‌ఆర్‌కి క్రెష్ గురించి, పాలిచ్చే బ్రేకుల గురించి మెయిల్ మాత్రం ఈ వారంలోనే పంపండి, వాళ్ళు జవాబు ఇయ్యడానికి టైం తీసుకుంటారు.